ప్రింటర్ రబ్బరు రోలర్లకు మళ్లీ పట్టు తెప్పించడం: విప్పడం నుంచి పరీక్ష దాకా

ట్రేలో కాగితం నిండుగా ఉంటుంది, ప్రింటర్ మాత్రం కాగితం లేదని చెబుతుంది. లేదంటే ఒకటి అడిగితే మూడు కలిపి లాగి మధ్యలో ఇరుక్కుపోతుంది. ఇళ్లలో వాడే ఇంక్‌జెట్, ఇంక్ ట్యాంక్, చిన్న లేజర్ ప్రింటర్లలో ఈ రెండు ఇబ్బందులకూ ఎక్కువసార్లు కారణం పట్టు తప్పిన రబ్బరే.

పట్టు తప్పిన రోలర్లన్నిటికీ ఒకే మందు లేదు. దుమ్ము పట్టిన రోలర్‌కు తడిగుడ్డ చాలు. దానికి ఎమరీ పేపర్ పెడితే బాగున్న రబ్బరు పోతుంది. జిగురుగా కరిగిపోతున్న రోలర్‌ను ఎంత తుడిచినా లాభం లేదు. అందుకే ముందు జబ్బు తేల్చుకోవాలి. తర్వాత మెత్తని పద్ధతితో మొదలుపెట్టి, అవసరమైతేనే గట్టి పద్ధతికి వెళ్లాలి. పనికి సుమారు గంటన్నర పడుతుంది, ఆరబెట్టే సమయం వేరు.

## 1. తప్పు రోలర్‌దేనా?

విప్పే ముందు ఈ పరీక్షలు చేయండి. పది నిమిషాల పని.

- ట్రేలోని కాగితం తీసేసి, కొత్త ప్యాకెట్ నుంచి 10 కాగితాలు మాత్రమే పెట్టండి. చెమ్మ పీల్చుకున్న కాగితం, అంచు వంగిన కాగితం మంచి రోలర్‌ను కూడా ఇబ్బంది పెడతాయి.
- పక్క గైడ్లు కాగితాన్ని తాకాలి కానీ నొక్కకూడదు. బిగుతుగా ఉంటే రోలర్ జారుతుంది, వదులుగా ఉంటే కాగితం వంకర పోతుంది.
- ట్రే అడుగున స్ప్రింగు పలక ఉంటే వేలితో నొక్కి వదలండి. పైకి లేవకపోతే కాగితం రోలర్‌ను తాకదు. అప్పుడు తప్పు స్ప్రింగుది.
- వెనక నుంచి కాగితం పెట్టే ప్రింటర్ అయితే టార్చ్ వేసి లోపలికి చూడండి. పిన్ను, క్లిప్పు, పెన్ను మూత, చిరిగిన కాగితం ముక్క అడ్డుపడి ఉండవచ్చు.
- ప్రింట్ ఇచ్చి వినండి, వీలైతే చూడండి. రోలర్ తిరుగుతూ కాగితం కదలకపోతే పట్టు సమస్య. రోలరే తిరగకపోతే గేరు, క్లచ్ లేదా సోలినాయిడ్ (కరెంటుతో మీటను లాగే చిన్న అయస్కాంతం) సమస్య. అలాంటప్పుడు రబ్బరు జోలికి వెళ్లకండి.
- రోలర్ తిరిగే క్షణంలో పై కాగితాన్ని చూపుడు వేలితో కొద్దిగా నెట్టండి. వెంటనే లోపలికి పోతే మీరు సరైన చోటే వెతుకుతున్నారు.

ఇక లక్షణాన్ని బట్టి ఏ భాగమో తేల్చడం. కాగితం అసలు కదలకపోతే పికప్ రోలర్, అంటే ట్రే నుంచి కాగితాన్ని లాగేది. రెండు మూడు కలిసి వస్తే సెపరేషన్ ప్యాడ్ లేదా సెపరేషన్ రోలర్, అంటే కాగితాలను ఒక్కొక్కటిగా విడదీసేవి. సగం లోపలికి వెళ్లి ఆగిపోతే లోపలి ఫీడ్ రోలర్లు. స్కానర్ మీది ఫీడర్ ఒక్కటే మొరాయిస్తే దానికి విడిగా చిన్న రోలర్, చిన్న ప్యాడ్ ఉంటాయి. కింది ట్రే రోలర్‌ను శుభ్రం చేస్తే అది బాగుపడదు.

పేజీ మీద ఒకే మచ్చ సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంటే ఆ దూరాన్ని స్కేలుతో కొలిచి 3.14తో భాగించండి. వచ్చేది ఆ మచ్చ వేస్తున్న రోలర్ వ్యాసం. దూరం 63 మి.మీ. అయితే 20 మి.మీ. రోలర్ కోసం వెతకాలి.

## 2. రబ్బరు ఏ స్థితిలో ఉంది?

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైన దశ ఇదే. టార్చ్ వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని లేదా గ్లవ్స్ వేసుకుని చూడండి.

మురికి. ఉపరితలం బూడిద లేదా తెల్లటి పొడితో మెరుపు లేకుండా కనిపిస్తుంది. పారదర్శక టేపు ముక్క అంటించి తీస్తే పొడి టేపుకు వస్తుంది. కాగితం నునుపుగా, తెల్లగా ఉండడానికి అందులో సుద్దపొడి లాంటి ఖనిజాలు కలుపుతారు. అవే రాలి రబ్బరు సన్నని గీతల్లో కూరుకుంటాయి. ఇది సులువుగా పోయే జబ్బు, ఎక్కువగా కనిపించేది కూడా ఇదే.

నిగనిగ. పొడి తుడిచినా రబ్బరు పాలిష్ పట్టినట్టు మెరుస్తుంది. గోరు నొక్కితే గుంట పడదు, లేదా చాలా కష్టంగా పడుతుంది. వేడి, గాలిలోని ఓజోన్, కాగితం రాపిడి కలిసి పై పొరను గట్టిపరుస్తాయి. లోపల రబ్బరు ఇంకా మెత్తగానే ఉండవచ్చు. అదే మన ఆశ.

అరుగుదల. మొదట ఉన్న సన్నని గాడులు మధ్యలో మాయమై అంచుల్లో మాత్రం మిగిలి ఉంటాయి. స్కేలు అంచును రోలర్ పొడవునా ఆనిస్తే మధ్యలో వెలుతురు కనిపిస్తుంది. వ్యాసం తగ్గిన రోలర్ కాగితాన్ని తగినంత ఒత్తలేదు.

కుళ్లు. రబ్బరు జిగటగా వేలికి అంటుతుంది, లేదా పగిలి పొడిపొడిగా రాలుతుంది. కొన్ని పాలీయురేథేన్ రోలర్లు ఏళ్ల తరబడి చెమ్మ తగిలి ఇలా అవుతాయి. దీన్ని బాగుచేసే ద్రావణం లేదు. నేరుగా 15వ దశకు వెళ్లండి.

ఒక చిన్న మినహాయింపు: ఎవరైనా ఎప్పుడో నూనె స్ప్రే కొట్టి ఉంటే రోలర్ జిగటగా అనిపించవచ్చు. సబ్బునీటితో కడిగాక జిగట పోతే అది నూనె. పోకపోతే రబ్బరే చెడింది.

## 3. చేయి వేయకూడని రోలర్లు

ప్రింటర్ లోపల రోలర్‌లా కనిపించేవన్నీ కాగితం లాగేవి కావు.

- లేజర్ ప్రింటర్‌లో కార్ట్రిడ్జ్ కింద ఉండే నల్లటి స్పాంజ్ రోలర్, అంటే ట్రాన్స్‌ఫర్ రోలర్. వేలి జిడ్డు తగిలినా ప్రింట్‌లో మచ్చలు పడతాయి. తడి, ఆల్కహాల్ రెండూ దానికి పనికిరావు.
- ఫ్యూజర్ రోలర్లు, అంటే టోనర్ పొడిని వేడితో కాగితానికి అతికించేవి. వేడిగా ఉన్నప్పుడు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తాయి. వాటి పైపూత గీసుకుంటే అతుకు పడదు.
- ఇంక్‌జెట్‌లో గరుకు పూత ఉన్న లోహపు ఇరుసు. దాన్ని పొడి గుడ్డతో తుడవడం తప్ప రుద్దకండి.
- ఇంక్‌జెట్ బయటికి వచ్చే దారిలోని నక్షత్రాల్లాంటి సన్నని చక్రాలు. వంగితే ప్రతి పేజీ మీద చుక్కల గీత పడుతుంది.
- ఇంకు చల్లే హెడ్ కదిలే దారి వెంట సాగే పారదర్శక ప్లాస్టిక్ పట్టీ, లోహపు ఇరుసు చివర ఉండే పారదర్శక బిళ్ల. వేలిముద్ర పడితే ప్రింటర్ తన స్థానాన్ని తప్పుగా చదువుతుంది.

## 4. కావలసిన సామాను

- నూలుపోగులు రాలని గుడ్డ ముక్కలు: 15 సెం.మీ. చదరాలు, 5 లేదా 6. కళ్లద్దాలు తుడిచే గుడ్డ సరిపోతుంది. టిష్యూ పేపర్ వద్దు, పోగులు వదులుతుంది.
- డిస్టిల్డ్ వాటర్: 100 మి.లీ. మామూలు నీళ్లలోని ఉప్పు ఆరాక తెల్లటి పొరగా మిగులుతుంది.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్: 30 మి.లీ. 70 శాతం సరిపోతుంది, 90 శాతం పైన ఉంటే త్వరగా ఆరుతుంది.
- గిన్నెలు తోమే లిక్విడ్ సోప్: రెండు మూడు చుక్కలు.
- మెత్తని టూత్‌బ్రష్, కాటన్ బడ్స్ 10.
- నీటిలో తడిపి వాడే ఎమరీ పేపర్: 400 నంబరు, 600 నంబరు, ఒక్కొక్కటి అరచేతి అంత.
- నైట్రైల్ గ్లవ్స్.
- స్టార్ స్క్రూడ్రైవర్ 1, 2 నంబర్లు, 3 మి.మీ. ఫ్లాట్ స్క్రూడ్రైవర్, మొన వంగని పట్టకారు.
- స్క్రూలకు గిన్నె, గుర్తులకు పేపర్ టేపు, పెన్ను, టార్చ్, ఫోన్ కెమెరా.

నెయిల్ పాలిష్ తీసే అసిటోన్, పెట్రోల్, థిన్నర్, నూనె స్ప్రే దగ్గర పెట్టుకోకండి. కొన్ని రబ్బరును ఉబ్బిస్తాయి, కొన్ని ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. నూనె స్ప్రే ఈ రెండూ చేయకపోయినా ఒక్కటి మాత్రం తప్పక చేస్తుంది: జారుడు.

## 5. ప్రింటర్‌ను సిద్ధం చేయడం

1. ఇంక్‌జెట్‌ను దాని పవర్ బటన్‌తోనే ఆపండి. హెడ్ తన మూత మీదికి వెళ్లి ఆగాక ప్లగ్ తీయండి. మధ్యలో ప్లగ్ లాగేస్తే హెడ్ మూత లేకుండా ఆరిపోతుంది.
2. లేజర్ ప్రింటర్ అయితే ఆపి, ప్లగ్ తీసి, కనీసం అరగంట చల్లారనివ్వండి.
3. లేజర్ కార్ట్రిడ్జ్‌ను, డ్రమ్‌ను (అక్షరాలు ఏర్పడే మెరిసే గొట్టం) బయటికి తీసి నల్లటి గుడ్డలో చుట్టి నీడలో పెట్టండి. వెలుతురుకు డ్రమ్ పాడవుతుంది.
4. ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌ను పక్కకు ఒరిగించకండి, తలకిందులు చేయకండి. రోలర్ కింది నుంచే అందుతుందంటే ట్రే తీసి చూడండి, మెషిన్‌ను తిప్పకండి.
5. ట్రే, వెనక మూత, డ్యూప్లెక్స్ (రెండు వైపులా ప్రింట్ చేసే భాగం) మూత తీసి పక్కన పెట్టండి. తీసే ప్రతి దశకూ ఒక ఫోటో తీయండి.
6. టోనర్ పొడి చిందితే పొడి గుడ్డతో ఎత్తండి. చేతికి అంటితే చన్నీళ్లతో కడగండి. వేడినీళ్లు తగిలితే పొడి మెత్తబడి అంటుకుపోతుంది.

## 6. రోలర్‌ను బయటికి తీయడం

ఇళ్ల ప్రింటర్లలో మూడు రకాల బిగింపులు కనిపిస్తాయి.

మొదటిది నొక్కు బిగింపు. రోలర్ పక్కన రంగు ప్లాస్టిక్ చెవులు ఉంటాయి. రెండింటినీ బయటికి వంచితే రోలర్ ఊడి వస్తుంది. చెవులను 2 మి.మీ. కంటే ఎక్కువ వంచకండి.

రెండవది జరుపుడు బిగింపు. రోలర్‌ను ఇరుసు వెంట ఒక పక్కకు జరిపితే గాడి నుంచి విడివడుతుంది.

మూడవది ఇరుసు గాడిలో కూర్చునే చిన్న లోహపు క్లిప్. ఫ్లాట్ స్క్రూడ్రైవర్‌తో తోసే ముందు దాని మీద గుడ్డ కప్పండి. లేకపోతే ఎగిరి ప్రింటర్ లోపల పడుతుంది. అక్కడి నుంచి దాన్ని వెతికి తీయడమే పెద్ద పని అవుతుంది.

తీసిన వెంటనే రోలర్ ఎడమ చివర పేపర్ టేపు అంటించి, తిరిగే దిశను బాణంతో గుర్తుపెట్టండి. చాలా రోలర్ల లోపల ఒకే వైపుకు తిరిగే క్లచ్ ఉంటుంది. తిరగేసి బిగిస్తే ప్రింటర్ మామూలుగానే చప్పుడు చేస్తుంది కానీ కాగితం రాదు. బాగుచేశాక కూడా పనిచేయట్లేదని అనుకునేవారిలో చాలామంది చేసే పొరపాటు ఇది.

మీ ప్రింటర్‌లో రోలర్ ఊడదనిపిస్తే బలం పెట్టకండి. 12వ దశ చూడండి.

## 7. శుభ్రం చేయడం: మొదట నీళ్లు, తర్వాతే ఆల్కహాల్

నీటి వంతు. గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, చుక్క కారనంత పిండండి. రోలర్‌ను గుడ్డలో పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ ఒక చుట్టు తుడవండి. గుడ్డ శుభ్రమైన భాగం మార్చి మళ్లీ. గుడ్డ మీద బూడిద మరక రాకుండా పోయేదాకా ఇలాగే. మామూలుగా ఐదారు చుట్లు పడుతుంది.

సన్నని గాడుల్లో పొడి కూరుకుని ఉంటే టూత్‌బ్రష్‌ను గాడుల వెంట నడపండి, అడ్డంగా కాదు.

రబ్బరు తొడుగు ఇరుసు నుంచి విడిగా ఊడితే 200 మి.లీ. గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల సోప్ వేసి నిమిషం పాటు బ్రష్‌తో కడగండి. తర్వాత మూడుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో జాడించండి. సోప్ మిగిలితే అది మళ్లీ జారుడే. క్లచ్, బేరింగ్ ఉన్న భాగాన్ని మాత్రం నీటిలో ముంచకండి.

ఆరాక గోరు పరీక్ష, టేపు పరీక్ష మళ్లీ చేయండి. ఉపరితలం మెరుపు లేకుండా, వేలికి కొద్దిగా పట్టినట్టు ఉంటే పని అయిపోయినట్టే. 13వ దశకు వెళ్లి బిగించి చూడండి. ఇక్కడితో ఆగడం తెలిసినవారి రోలర్లే ఎక్కువ కాలం బతుకుతాయి.

ఆల్కహాల్ వంతు. లేబుల్ జిగురు, ఇంకు, టోనర్, జిడ్డు మిగిలితే మాత్రమే. కిటికీలు తెరవండి, మంట దగ్గర ఉండకూడదు. గుడ్డ మీద ఏడెనిమిది చుక్కలు వేసి ఒకటి రెండు చుట్లు తుడవండి. రోలర్‌ను ఆల్కహాల్‌లో నానబెట్టకండి, సీసా నుంచి నేరుగా పోయకండి. తరచూ ఆల్కహాల్ తగిలితే కొన్ని రబ్బర్లు మరింత ఎండి గట్టిపడతాయి. మీ మాన్యువల్ తడిగుడ్డ మాత్రమే వాడమంటే ఆ మాటే వినండి.

పూర్తిగా ఆరడానికి 15 నిమిషాలు ఇవ్వండి. హెయిర్ డ్రయ్యర్ వాడకండి.

## 8. నిగనిగ తీయడం

నీటికీ ఆల్కహాల్‌కీ లొంగని మెరుపు ఉంటేనే ఈ దశ. తీయాల్సింది పై పొర మాత్రమే, రబ్బరును కాదు. రోలర్ మీద ఇంకా గాడుల నమూనా స్పష్టంగా ఉంటే ఎమరీ పేపర్ వాడకండి. ఆ గాడులే దాని పట్టు.

1. 600 నంబరు ఎమరీ పేపర్‌ను నీటిలో తడపండి.
2. రోలర్ పొడవు వెంట, అంటే ఇరుసుకు సమాంతరంగా, వేలి బరువుతోనే 4 లేదా 5 సార్లు నడపండి.
3. రోలర్‌ను చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి మళ్లీ అన్నేసార్లు. లెక్క తప్పకండి. ఒక చోట ఎక్కువ రుద్దితే రోలర్ గుండ్రం పోతుంది.
4. ఒక చుట్టు పూర్తయ్యాక తుడిచి టార్చ్‌తో చూడండి. మెరుపు తగ్గకపోతే ఇంకా గరుకైన 400 నంబరుతో ఇంకొక్క చుట్టు.
5. రుద్దడం వల్ల వచ్చిన నల్లటి పొడిని తడిగుడ్డతో పూర్తిగా తీసేయండి. ఎమరీ రేణువు ఒక్కటి మిగిలినా కాగితం మీద గీత పడుతుంది.

పొడవు వెంటే ఎందుకు? అప్పుడు పడే సన్నని గీతలు కాగితం వెళ్లే దారికి అడ్డంగా ఉంటాయి, పట్టు పెరుగుతుంది. చుట్టూ రుద్దితే గీతలు కాగితం దారి వెంటే పడి అంత ఉపయోగం ఉండదు.

ఒకే ఇరుసు మీద రెండు రోలర్లు ఉంటే రెండింటికీ సమానంగా చేయండి. రెండింటి వ్యాసాల్లో 0.2 మి.మీ. తేడా వచ్చినా ప్రతి చుట్టుకూ ఒక వైపు 0.6 మి.మీ. ఎక్కువ లాగుతుంది. కాగితం వంకర పోవడానికి అది చాలు.

## 9. మెత్తబరిచే ద్రావణాలు వాడాలా?

రబ్బరు పునరుద్ధరణ ద్రావణాల పేరుతో దొరికే కొన్నింటిలో జైలీన్, మిథైల్ సాలిసిలేట్ ఉంటాయి. మిథైల్ సాలిసిలేట్ అంటే నొప్పుల లేపనాల్లో ఘాటుగా వాసన వచ్చేదే. ఇవి రబ్బరులోకి ఇంకి దాన్ని కొద్దిగా ఉబ్బిస్తాయి. ఉబ్బు వల్ల వ్యాసం పెరుగుతుంది, పై పొర మెత్తబడుతుంది.

అయితే ఆ మెత్తదనం నిలవదు. ద్రావణం ఆవిరయ్యేకొద్దీ రబ్బరు మళ్లీ గట్టిపడుతుంది. అన్ని రకాల రబ్బర్లకూ ఇది పనిచేయదు. జైలీన్ ప్రింటర్ ప్లాస్టిక్ భాగాలను కరిగిస్తుంది. మిథైల్ సాలిసిలేట్ ఒక్క టీస్పూన్ మింగినా పసిపిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. కొత్త రోలర్ దొరికే ప్రింటర్‌కు ఈ దారి ఎంచుకోవద్దు.

విడిభాగం ఎక్కడా దొరకని పాత మెషిన్ అయి, తప్పనిసరి అయితే ఈ హద్దుల్లో ఉండండి:

- రోలర్ ప్రింటర్ బయట ఉండాలి. తొడుగు ఊడితే ప్లాస్టిక్ భాగం నుంచి వేరుచేయాలి.
- ఆరుబయట, గ్లవ్స్‌తో, పిల్లలకు అందని చోట చేయాలి.
- కాటన్ బడ్‌తో పలుచని పూత ఒక్కటే వేయాలి.
- 24 గంటలు ఆరబెట్టాలి. తెల్ల కాగితం మీద దొర్లించినప్పుడు మరక పడకూడదు.

## 10. అరిగిన తొడుగును మళ్లీ వాడుకునే ఉపాయాలు

రబ్బరు మెత్తగానే ఉండి వ్యాసం మాత్రం తగ్గితే ఈ రెండింటిలో ఒకటి పనికొస్తుంది. రెండూ తొడుగు ఊడే రోలర్లకే. రోలర్ గుండ్రంగా కాకుండా సగం చందమామలా ఉంటే కుదరదు.

లోపలి వైపు బయటికి తిప్పడం. తొడుగు పలుచగా ఉండి లోపలి వైపు నునుపుగా ఉంటే మాత్రమే. తొడుగును ఐదు నిమిషాలు గోరువెచ్చని నీటిలో ఉంచితే సాగుతుంది. సాక్సును తిప్పినట్టు తిప్పండి. లోపల గాడులు, మిట్టలు ఉంటే అవి ప్లాస్టిక్ భాగంలో కూర్చునేందుకు పెట్టినవి, తిప్పకండి. పగుళ్లు ఉన్న తొడుగు తిప్పేటప్పుడే చిరుగుతుంది.

కింద పొర వేయడం. తొడుగు తీసి, ప్లాస్టిక్ భాగం చుట్టూ ఎలక్ట్రికల్ టేపు ఒకే ఒక్క చుట్టు వేయండి. టేపు మందం సుమారు 0.15 మి.మీ. కాబట్టి వ్యాసం 0.3 మి.మీ. పెరుగుతుంది.

- టేపు వెడల్పు తొడుగు కంటే 1 మి.మీ. తక్కువ ఉండాలి. బయటికి వస్తే దాని జిగురు కాగితానికి అంటుతుంది.
- టేపు చివరలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, ఎదురెదురుగా ఆనాలి. ఎక్కితే అక్కడ మిట్ట ఏర్పడి, చుట్టుకొకసారి కాగితం తడబడుతుంది.
- జంట రోలర్లయితే రెండింటికీ వేయాలి.
- రెండో పొర వేయాలనిపిస్తే ఆగండి. అంత అరిగిన తొడుగును మార్చడమే సరి.

తొడుగు మీద వెడల్పాటి రబ్బర్ బ్యాండ్ చుట్టే అలవాటు కొందరికి ఉంది. అది కొద్ది రోజుల్లో సాగి, జారి గేర్లలో చిక్కుకుంటుంది. చేయవద్దు.

## 11. సెపరేషన్ ప్యాడ్‌ను మరిచిపోకండి

పికప్ రోలర్ ఎదురుగా, స్ప్రింగు మీద కూర్చున్న చిన్న రబ్బరు లేదా బెండు ముక్కే సెపరేషన్ ప్యాడ్. ఈ అమరిక మూడు రాపిడుల మీద నడుస్తుంది. రోలర్‌కూ కాగితానికీ మధ్య పట్టు అన్నిటికంటే ఎక్కువ ఉండాలి. ప్యాడ్‌కూ కాగితానికీ మధ్య పట్టు దానికంటే తక్కువ ఉండాలి. కాగితానికీ కాగితానికీ మధ్య పట్టు అన్నిటికంటే తక్కువ. ఈ వరుస తప్పితే, అయితే కాగితం రాదు, లేకపోతే రెండు వస్తాయి.

రోలర్ ఒక్కదాన్ని శుభ్రం చేసి ప్యాడ్‌ను వదిలేస్తే, అంతవరకు కాగితం రాని ప్రింటర్ ఇప్పుడు రెండేసి లాగడం మొదలుపెడుతుంది. రోలర్ చెడలేదు, వరుస తప్పింది.

ప్యాడ్‌కు చేయాల్సినవి:

- తడిగుడ్డతో తుడవడం. రబ్బరు ప్యాడ్ అయితే తర్వాత ఒక్కసారి ఆల్కహాల్. బెండు ప్యాడ్‌ను నానబెట్టకూడదు.
- వేలితో నొక్కి స్ప్రింగు సమానంగా లేస్తోందో చూడడం.
- మధ్యలో రోలర్ వెడల్పు గుంట పడిందేమో చూడడం. గోరుకు తగిలేంత గుంట ఉంటే ప్యాడ్ మార్చాలి. ఎమరీతో సమం చేస్తే ఎత్తు ఇంకా తగ్గుతుంది.

ట్రే లోపల చివరి కాగితం కింద కూడా ఒక చిన్న రాపిడి ముక్క ఉంటుంది. చివరి రెండు మూడు కాగితాలు మాత్రమే కలిసి వస్తుంటే దాన్ని తుడవండి.

## 12. రోలర్ ఊడని ఇంక్‌జెట్‌లలో

ముందు సెట్టింగ్స్‌లో మెయింటెనెన్స్ మెనూ చూడండి. కొన్ని ప్రింటర్లలో రోలర్ శుభ్రపరిచే ఐచ్ఛికం ఉంటుంది. మొదట కాగితం లేకుండా, తర్వాత కాగితంతో నడుపుతుంది.

ఆ ఐచ్ఛికం లేకపోయినా, దానితో ఫలితం రాకపోయినా చేత్తో తుడవాలి. ప్లగ్ తీసి, తడిపి పిండిన కాటన్ బడ్‌తో కనిపించిన భాగాన్ని తుడవండి. రోలర్‌ను కాగితం వెళ్లే దిశలోనే వేలితో కొద్దికొద్దిగా జరుపుతూ మిగతా చుట్టు పూర్తిచేయండి. కదలకపోతే బలవంతం చేయకండి. ప్లగ్ పెట్టి, ఒక కాగితం లాగించి, మళ్లీ ఆపి, ప్లగ్ తీసి తుడవండి. రోలర్ ప్రతిసారి వేరే చోట ఆగుతుంది. మూడు నాలుగుసార్లకు చుట్టు మొత్తం దొరుకుతుంది.

నడుస్తున్న ప్రింటర్‌లోకి గుడ్డ పెట్టి రోలర్ దానంతట అది తుడుచుకుంటుందని చూడకండి. గుడ్డ లోపలికి పోతే గేరు పళ్లు విరుగుతాయి.

## 13. బిగించడం, పరీక్షించడం

తుడిచిన రబ్బరును ఒట్టి వేళ్లతో తాకకుండా, అంచులు పట్టుకుని ఫోటోల వరుస వెనక నుంచి ముందుకు చూస్తూ బిగించండి.

- బాణం గుర్తు సరైన దిశలో ఉందా?
- క్లిప్, చెవులు 'టక్' మని కూర్చున్నాయా?
- రోలర్‌ను వేలితో తిప్పితే ఒక వైపు తేలికగా, ఇంకో వైపు బిగిసి ఉందా? క్లచ్ ఉన్న రోలర్లకు ఇది మామూలే.
- గిన్నెలో ఒక్క స్క్రూ కూడా మిగలలేదా?

పరీక్ష కూడా క్రమంగా చేయండి. మొదట ఒక్క కాగితం, తర్వాత 5, తర్వాత 20, చివరగా ట్రే గుర్తు దాకా. ఒక్క కాగితాన్ని లాగి 20లో తడబడితే ట్రే ఒత్తిడి లేదా ప్యాడ్ చూడాలి. 20 లాగి ఒక్క కాగితాన్ని లాగలేకపోతే ట్రే అడుగు పలక, దాని మీది రాపిడి ముక్క చూడాలి.

వంకర తెలియడానికి పేజీ నాలుగు వైపులా గీత ఉన్న ఒక ఫైల్ ప్రింట్ తీసి, పై అంచు నుంచి గీతకు ఉన్న దూరాన్ని ఎడమ చివర, కుడి చివర కొలవండి. వరుసగా ఐదు పేజీల్లో తేడా ఒకే వైపు వస్తుంటే ఆ జంట రోలర్ల వ్యాసాలు సమానంగా లేవు. తేడా అటూ ఇటూ మారుతుంటే గైడ్లు వదులు.

## 14. పని చేశాక వచ్చే ఇబ్బందులు, సరిదిద్దే తీరు

రోజంతా బాగా లాగి మరునాడు మళ్లీ జారుతోంది. పై మురికి పోయింది కానీ రబ్బరు గట్టిపడి ఉంది. 8వ దశ చేయండి. అప్పటికీ మూడు నాలుగు రోజులే నిలిస్తే రోలర్ ఆయువు అయిపోయింది.

కాగితం మీద నల్లటి చారలు. ఎమరీ పొడి మిగిలింది. తడిగుడ్డతో తుడిచి, ఐదారు ఖాళీ కాగితాలు పంపండి.

కీచుమనే చప్పుడు. రబ్బరు ఇంకా తడిగా ఉంది, లేదా ఇరుసు గాడిలో సరిగా కూర్చోలేదు. నూనె వేయకండి. తీసి మళ్లీ బిగించండి.

కాగితం జామ్ అయిందని చెబుతోంది, లోపల కాగితం లేదు. విప్పేటప్పుడు కాగితాన్ని గుర్తించే చిన్న ప్లాస్టిక్ మీట పక్కకు జరిగి ఉంటుంది. టార్చ్‌తో వెతికి, వేలితో కదిపితే స్వేచ్ఛగా ఊగి తన చోటికి రావాలి.

లాగాల్సిన దానికంటే ముందే లాగేస్తోంది, వరుసగా రెండు మూడు లాగుతోంది, ప్యాడ్ బాగుంది. పాత లేజర్ ప్రింటర్లలో పికప్ సోలినాయిడ్ మీద ఉండే చిన్న ఫోమ్ ముక్క జిగటగా మారి మీటను వెంటనే వదలదు. రబ్బరును ఎంత శుభ్రం చేసినా ఈ లక్షణం పోదు. ఆ ఫోమ్ అవశేషాన్ని తీసి, అదే మందం ఉన్న కొత్త ముక్క అంటించాలి.

టాల్కం పౌడర్ వేస్తే జిగట పోతుందా? జిగటతో పాటు పట్టు కూడా పోతుంది. వేయకండి.

## 15. మార్చక తప్పని స్థితి

కింది వాటిలో ఒక్కటి ఉన్నా మరమ్మతు మీద సమయం పెట్టకండి:

- రబ్బరు జిగటగా కరుగుతోంది లేదా పగుళ్లు ఇరుసు దాకా వెళ్లాయి.
- తొడుగు ప్లాస్టిక్ భాగం మీద వదులై జారి తిరుగుతోంది.
- ఎమరీ వాడిన రోలర్ రెండోసారి నిగనిగలాడుతోంది.
- 8వ దశ చేశాక కూడా గోరు ఎక్కడ నొక్కినా గుంట పడదు. లోపలి దాకా గట్టిపడింది.

కొత్తది తీసుకునేటప్పుడు పేరు ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి. పాత రోలర్ వ్యాసం, వెడల్పు, ఇరుసు రంధ్రం ఆకారం కొలిచి పోల్చండి. ఒకే పేరుతో ఉన్న ప్రింటర్లలో ట్రేను బట్టి రోలర్ మారవచ్చు. పికప్ రోలర్, సెపరేషన్ ప్యాడ్ జతగా దొరికితే జతగానే మార్చండి. కొత్త రోలర్ ఎదుట పాత ప్యాడ్ పెడితే 11వ దశలో చెప్పిన రాపిడి వరుస మళ్లీ తప్పుతుంది.

కొత్త రబ్బరు మీద తయారీలో పూసిన పొర ఉండవచ్చు. బిగించే ముందు తడిగుడ్డతో ఒక చుట్టు తుడిచి ఆరనివ్వండి. మీ ప్రింటర్ మెనూలో రోలర్ లేదా ఫీడ్ కౌంటర్ ఉంటే దాన్ని సున్నాకు మార్చండి. లేకపోతే కొత్త రోలర్ మీద కూడా మార్చమనే హెచ్చరిక వస్తూనే ఉంటుంది.